ఎంపిక కాలేదని తెలిసిన రోజే ఇంట్లో చెప్పాలా?

రాయదుర్గం ప్రయాణికుడు:

ఎటూ తేల్చుకోలేక ఇక్కడ అడుగుతున్నాను. ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ నన్ను నాలుగు వారాల్లో మూడు దఫాలు ఇంటర్వ్యూ చేసింది. చివరి రోజు జీతం ఎంత కావాలో, ఎప్పుడు చేరగలనో కూడా అడిగారు. ఆ ప్రశ్నలు విన్నాక ఎవరికైనా ఆశ పుడుతుంది. బయటికి రాగానే నాన్నకు ఫోన్ చేసి "దాదాపు ఖాయమే" అన్నాను.

మొన్న కాక అంతకు ముందు గురువారం, మరోచోట పరీక్ష రాసి వస్తూ రాయదుర్గం మెట్రో స్టేషన్‌లో మెయిల్ చూశాను. వేరే అభ్యర్థిని తీసుకున్నామని రెండు వాక్యాలు. అది చివరి స్టేషన్ కనుక అక్కడ ఎక్కితే కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. అయినా కాళ్లు కదలలేదు. మూడు రైళ్లు వెళ్లిపోయాయి.

నాన్న రోజూ రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేస్తారు. "ఏమైనా తెలిసిందా?" అంటారు. "ఇంకా చెప్పలేదు నాన్నా" అంటున్నాను. ఇవాళ్టికి పదకొండు రోజులు. మాది నల్గొండ దగ్గర పల్లె. ఊళ్లో నలుగురికీ చెప్పేశారట కూడా. చెల్లి ఉన్నది ఉన్నట్టు చెప్పేయమంటోంది. నా గదిలో ఉండే మిత్రుడు మాత్రం, మరో ఉద్యోగం వచ్చాక రెండూ కలిపి చెప్పమంటున్నాడు. మీరేమంటారు?

ఉప్పల్ అమ్మ:

బాబూ, ఈ రాత్రే చెప్పు. నిరుడు మా అబ్బాయి విషయంలో ఇదే జరిగింది. వాడితో పాటు అదే ఇంటర్వ్యూకు వెళ్లిన పిల్లవాడి తల్లి కూరగాయల బండి దగ్గర కలిసి, "మీవాడికీ రాలేదటగా" అంది. నాకు అప్పటికి తెలియదు. ఉద్యోగం రాలేదన్న బాధ ఒక పూటలో పోయింది. కానీ వాడు నాలుగు రోజులు మా ఎదురుగా కూర్చుని, నవ్వుతూ అన్నం తిన్నాడు. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది. ఆ నాలుగు రోజులూ వాడు ఒంటరిగా ఉన్నాడు కదా అని.

ఎస్సార్ నగర్ 204:

అమ్మా, మీ బాధ నాకు అర్థమవుతోంది. కానీ అందరి ఇళ్లూ మీ ఇల్లులా ఉండవు. "ఇంట్లో చెప్పడం" అంటే ఒక మనిషికి చెప్పడం కాదు. మా నాన్న ఫోన్ స్పీకర్‌లో పెట్టి మాట్లాడతారు. అరుగు మీద బాబాయి ఉంటారు, పక్కింటి వాళ్లు ఉంటారు. నేను ఒకరికి చెప్తే పదిమంది వింటారు, పదిమందీ సలహాలిస్తారు.

నేను పద్నాలుగు ఇంటర్వ్యూలకు వెళ్లాను. మొదటి మూడింటి సంగతి అదే రోజు చెప్పాను. మూడోసారికి అమ్మ శనివారాలు ఉపవాసం మొదలుపెట్టింది. ఆమెకు షుగర్ ఉంది. నాలుగోది తప్పిన రోజు ఫోన్ చేతిలోకి తీసుకుని, ఇప్పుడు ఇది చెప్తే మంగళవారం కూడా తినడం మానేస్తుందని ఆగిపోయాను. నా ఓటమి నేను మోయగలను. దాన్ని ఇంటికి పంపి, అక్కడ పుట్టిన దిగులును తిరిగి నేనే మోయాలంటే మర్నాడు ఉదయం లేచి చొక్కా ఇస్త్రీకి ఇచ్చే ఓపిక కూడా మిగలదు. పదకొండు ఇంటర్వ్యూల సంగతి ఎవరికీ చెప్పలేదు. పద్నాలుగో చోట ఉద్యోగం వచ్చాక, అప్పుడు చెప్పాను. తప్పు చేశానని నేను అనుకోవడం లేదు.

బల్లకు అటువైపు:

పన్నెండేళ్లుగా ఇంటర్వ్యూలు చేసే వైపు కూర్చుంటున్నాను. ఇద్దరికీ ఒక మాట. చెప్పాలా వద్దా అన్నదానికన్నా, ఏమని చెప్తున్నారన్నది ముఖ్యం. "ఫెయిలయ్యాను" అంటున్నారు చాలామంది. ఆ మాట తప్పు. ఇద్దరూ పనికొచ్చేవాళ్లే అయినా ఖాళీ ఒకటే ఉంటుంది. ఒక్కోసారి ఇంటర్వ్యూలు పూర్తయ్యాక పైనుంచి ఆ ఖాళీనే ఆపేస్తారు. ఒక్కోసారి సంస్థలోనే ఉన్న మనిషిని ఆ కుర్చీలోకి మారుస్తారు. అభ్యర్థికి మాత్రం అన్నిటికీ ఒకే మెయిల్ వెళ్తుంది. జీతం గురించి, చేరే తేదీ గురించి చివరి దఫాకు వచ్చిన అందరినీ అడుగుతాం. అది హామీ కాదు.

ఇంటర్వ్యూ అంత నిక్కచ్చి కొలబద్ద కాదని ప్రభుత్వమే ఒప్పుకుంది. కేంద్రంలో గ్రూప్ సి, గెజిటెడ్ కాని గ్రూప్ బి ఉద్యోగాలకు 2016 జనవరి 1 నుంచి ఇంటర్వ్యూలు ఎత్తేశారు. మన రాష్ట్రంలో 2022లో వచ్చిన గ్రూప్-1 ప్రకటనలోనూ ఇంటర్వ్యూ లేదు. సివిల్స్‌లో ఉన్నా, మొత్తం 2025 మార్కుల్లో దానికి 275 మాత్రమే. అరగంట మాటలతో మనిషిని తూచడంలో ఎంత పొరపాటుందో రోజూ ఆ పని చేసే నాకు తెలుసు.

కారణం చెప్పాలని ప్రైవేటు సంస్థలను కట్టడి చేసే చట్టమేదీ లేదు. అయినా అడగండి. అడగందే అమ్మైనా పెట్టదంటారు. "ఏ అంశంలో మెరుగుపడాలో ఒక్కటి చెప్పగలరా" అని మర్యాదగా రెండు వాక్యాలు రాయండి. పదిమందిలో ఇద్దరు జవాబిచ్చినా, ఇంట్లో చెప్పడానికి మీ దగ్గర "రాలేదు" అన్న మాట కాక మరొకటి ఉంటుంది.

ఎస్సార్ నగర్ 204:

అయ్యా, ఆ "ఒకే మెయిల్" కూడా చాలామంది పంపరు. నేను వెళ్లిన పద్నాలుగింటిలో ఆరు సంస్థల నుంచి ఈ రోజుకీ ఏ జవాబూ లేదు. రాని జవాబును ఏ రోజున ఇంట్లో చెప్పాలి?

బల్లకు అటువైపు:

నిజమే. అది మా వైపు తప్పు. దానికి నా దగ్గర సమాధానం లేదు.

అశోక్‌నగర్ పాత చదువరి:

దాచడం ఎక్కడిదాకా వెళ్తుందో చెప్తాను. నేనైతే "ఇంకా తెలియలేదు" అనలేదు, "వచ్చింది" అన్నాను. ఉద్యోగం వచ్చిందని ఇంట్లో చెప్పి, రోజూ ఎనిమిదింటికి క్యారియర్ పట్టుకుని మలక్‌పేటలో బస్సెక్కి చిక్కడపల్లి గ్రంథాలయానికి వెళ్లి కూర్చునేవాణ్ణి. మధ్యాహ్నం చెట్టు కింద క్యారియర్ విప్పితే పప్పు ఇంకా వెచ్చగా ఉండేది. ఆఫీసులో అందరి ముందు తింటానని అమ్మ పైగిన్నెలో ఒక అప్పడం ఎక్కువ పెట్టేది. ఆ అప్పడం నాకు గొంతు దిగేది కాదు.

నెలాఖరు వచ్చింది. జీతం ఏదని అడుగుతారు కదా. అప్పుడే అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు తగిలారు. లక్షన్నర ఇస్తే ఇంటర్వ్యూ లేకుండా ఉద్యోగం, మూడేళ్ల అనుభవ పత్రంతో సహా అన్నారు. మామూలుగా ఉన్నవాడు రెండు ప్రశ్నలడిగి లేచి వచ్చేస్తాడు. నేను రాత్రికి రాత్రి అప్పు చేసి తెచ్చిచ్చాను, ఎందుకంటే నేను కొంటున్నది ఉద్యోగాన్ని కాదు, నా అబద్ధానికి రుజువును. ఆ పత్రంతో చేరిన చోట ఆరో వారంలో పాత ఉద్యోగాల తనిఖీ జరిగింది. పీఎఫ్ ఖాతాలో మూడేళ్ల జమ ఏదీ కనిపించలేదు. ఆ మధ్యాహ్నమే పంపించేశారు. కన్సల్టెన్సీ గదికి తాళం వేసి ఉంది.

ఆ తర్వాత రెండు నెలలు నాకు సరిగా నిద్ర లేదు. మనసు బాగోలేనివాళ్లతో మాట్లాడటానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఒక రాత్రి రెండింటికి ఫోన్ చేశాను. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడారు. ఆ మాట్లాడిన అమ్మాయి పేరు కూడా నాకు తెలియదు. నా నిజం మొదట విన్నది ఆమె. మర్నాడు ఇంట్లో చెప్పాను.

కాబట్టి తమ్ముడూ, "ఇంకా చెప్పలేదు" అన్న నీ మాటకూ, "వచ్చింది" అన్న నా మాటకూ మధ్య దూరం నువ్వనుకున్నంత లేదు. అక్కడి నుంచి నిజానికి రావడానికి నాకు పట్టింది ఆ రాత్రి చేసిన ఒక్క ఫోన్ కాల్.

ఎస్సార్ నగర్ 204:

చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను అన్నా. మీరు చెప్పింది కాదనను. కానీ నేను ఎప్పుడూ "వచ్చింది" అనలేదు. ఏ కబురూ ఆశించవద్దని, వచ్చినప్పుడు నేనే చెప్తానని నాలుగోసారే చెప్పేశాను. చెప్పకపోవడం వేరు, అబద్ధం వేరు. ఈ ప్రయాణికుడు మాత్రం అబద్ధమే చెప్తున్నాడు, ఆ మేరకు నా మొదటి మాట వెనక్కి తీసుకుంటున్నాను. మిగతాది తీసుకోను.

ఉప్పల్ అమ్మ:

204 బాబూ, నువ్వన్న ఉపవాసం సంగతి నన్ను రాత్రంతా వెంటాడింది. పిల్లలు ఎందుకు దాస్తారో మేమూ ఆలోచించాలి. ఆ కూరగాయల బండి రోజు తర్వాత మా ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. ఉద్యోగం మాట ఆదివారం ఉదయం తప్ప ఎవరూ ఎత్తకూడదు. ఆదివారం మాత్రం వాడు ఉన్నదంతా చెప్పాలి. మొదటి వారం బుధవారానికే మా ఆయన నోరు జారబోయి నీళ్లు తాగారు. అలవాటయ్యాక వాడు శనివారం రాత్రే తనంతట తాను వచ్చి చెప్పడం మొదలుపెట్టాడు.

ప్రయాణికుడి నాన్నగారు ఇది చదవరు, తెలుసు. అయినా రోజూ తొమ్మిదింటికి అదే ప్రశ్న అడగడం మానండి అని ఆయనకు ఎవరైనా చెప్పాలి.

రాయదుర్గం ప్రయాణికుడు:

నిన్న రాత్రి చెప్పాను. తొమ్మిది కాకముందే నేనే ఫోన్ చేశాను. వేరేవాళ్లను తీసుకున్నారు నాన్నా, తెలిసి పదకొండు రోజులయింది అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. వెనకాల బర్రె అరుపు వినిపిస్తోంది. తర్వాత, "వారం దాటినప్పుడే అనుకున్నాను, మంచి కబురు ఇన్నాళ్లు ఆగదు" అన్నారు. హాస్టల్ డబ్బు ఐదో తారీఖుకు కట్టాలి కదా అని అడిగారు, పంపిస్తానన్నారు. అంతే, తిట్టలేదు.

పెట్టేసేముందు మాత్రం గొంతు తగ్గించి, "మీ అమ్మకి ఇప్పుడే చెప్పకు, బోనాలు అయ్యాక నేను చెప్తాను" అన్నారు. అలాగే అన్నాను. ఇప్పుడు అదొకటి పట్టుకుంది. మంగళవారం గచ్చిబౌలిలో మరో ఇంటర్వ్యూ ఉంది. ఆ సంగతి నాన్నకు చెప్పాను. అమ్మకు చెప్పలేదు.

ఎస్సార్ నగర్ 204:

మీ నాన్నగారు అమ్మ ఆరోగ్యం ఎరిగిన మనిషి అయ్యుంటారు. ఆయన మాట విను తమ్ముడూ.

ఉప్పల్ అమ్మ:

వినకు బాబూ. బోనాల దాకా ఆమె రోజూ దీపం ముందు ఆ ఉద్యోగం పేరే చెప్పి దండం పెట్టుకుంటూ ఉంటుంది, మీ ఇద్దరికీ తెలిసి కూడా. రేపు పొద్దున ఆమెకే నేరుగా ఫోన్ చెయ్యి.