సైన్యం నుంచి ప్రభుత్వ ఐటీ పగ్గాల దాకా: జాన్ షెర్మన్ ప్రస్థానం

ప్రశ్న:
అమెరికా రక్షణ శాఖకు ముఖ్య సమాచార అధికారిగా, అంటే ఐటీ వ్యవస్థల అధిపతిగా, పనిచేసిన జాన్ షెర్మన్ ఒకప్పుడు సైన్యంలో వాయు రక్షణ విభాగపు అధికారి అని చదివాను. అక్కడి నుంచి క్లౌడ్ (ఇంటర్నెట్ ద్వారా అద్దెకు తీసుకునే కంప్యూటర్ సేవల) ఒప్పందాల దాకా ఎలా వచ్చారు? సైనిక అనుభవం ఈ పనికి నిజంగా ఉపయోగపడిందా?

జవాబు 1:
నేరుగా రాలేదండీ. సైన్యాన్ని విడిచాక సీఐఏలో, ఇతర గూఢచార సంస్థల్లో ఏళ్ల తరబడి పనిచేసి, 2017లో ఆ సంస్థలన్నిటికీ ఉమ్మడి ముఖ్య సమాచార అధికారి అయ్యారు. 2020లో రక్షణ శాఖకు మారి, 2021 డిసెంబరులో సెనేట్ ఆమోదంతో పూర్తి స్థాయి పదవి చేపట్టారు.

జవాబు 2:
అసలు పరీక్ష రక్షణ శాఖ క్లౌడ్ సేవల కోసం కుదుర్చుకున్న జెడై ఒప్పందం. 2019లో మైక్రోసాఫ్ట్ ఒక్కదానికే దక్కిన, 1,000 కోట్ల డాలర్ల గరిష్ఠ విలువగల ఆ ఒప్పందం అమెజాన్ దావాతో కోర్టులో చిక్కుకుపోగా, షెర్మన్ తాత్కాలిక హోదాలో ఉన్న 2021 జూలైలో రక్షణ శాఖ దాన్ని రద్దు చేసింది. దాని స్థానంలో తెచ్చిన, 900 కోట్ల డాలర్ల పరిమితిగల ఏర్పాటులో 2022 డిసెంబరులో అమెజాన్, గూగుల్, మైక్రోసాఫ్ట్, ఒరాకిల్ నాలుగింటికీ చోటు దొరికింది. చేతికందిన ఒప్పందాన్ని వదులుకోవడం ప్రభుత్వ కార్యాలయాల్లో అరుదు కదా!

జవాబు 3:
మీ రెండో ప్రశ్నకు నా అభిప్రాయం: యూనిఫాం వేసుకున్నంత మాత్రాన సాంకేతిక పరిజ్ఞానం రాదు గానీ, నెట్‌వర్కు ఆగిపోతే క్షేత్రంలోని సైనికుడికి ఏమవుతుందో ఊహించగలగడం వస్తుంది.