క్లావికిల్, ఫిబులా: కుడో ఎడమో తేలడం లేదు

ప్రశ్న (ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం, వైజాగ్)
వచ్చే వారం బోన్స్ వైవా (నోటి పరీక్ష). ఫీమర్ (తొడ ఎముక), హ్యూమరస్ (పై చేతి ఎముక) చేతికిస్తే సైడ్ చెప్పేస్తున్నా. క్లావికిల్ (కాలర్ ఎముక), ఫిబులా (మోకాలి కింద బయటివైపుండే సన్నటి ఎముక) దగ్గరే తడబాటు. ఇంకోటి, సీనియర్ల నుంచి తీసుకున్న బోన్ సెట్‌కి హాస్టల్లో బూజు పడుతోంది. బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో నానబెట్టొచ్చా?

జవాబు 1
క్లావికిల్‌ని నీ ఒంటికి ఆనించుకునే చూడు. లావు కొస స్టెర్నమ్ (రొమ్ము ఎముక) వైపు, బల్లపరుపు కొస భుజం వైపు. గాడి ఉన్న ముఖం కిందికి. స్టెర్నమ్ వైపు మూడింట రెండొంతులు ముందుకి ఉబ్బి ఉండాలి. మూడూ కుదిరాక భుజం కొస కుడికి వస్తే కుడిదే.

తప్పేది గాడి దగ్గర. పాత ఎముకల్లో అది అరిగిపోతుంది. అప్పుడు భుజం కొసకి దగ్గర్లో, వెనక అంచు కింద వేలికి తగిలే బుడిపె, అంటే కోనాయిడ్ ట్యూబర్కిల్, వెతుకు. అది కిందికీ వెనక్కీ ఉండాలి.

జవాబు 2
తమ్ముడూ, ఫిబులాలో షాఫ్ట్ (మధ్యనున్న పొడవాటి భాగం) అంచుల జోలికి పోకు. అవి మెలితిరిగి ఒక్కో ఎముకకీ ఒక్కోలా కనిపిస్తాయి. కింది కొస పట్టుకో: పక్కల నొక్కినట్టు చదునుగా ఉంటుంది. టేలస్‌కి (చీలమండ ఎముకకి) ఆనే ముక్కోణపు నున్నటి ఫేసెట్ (కీలు ముఖం) రెండో కాలి వైపు చూడాలి, దాని వెనకున్న గుంట (మాలియోలార్ ఫాసా) మడమ వైపు. గుంటని ముందుకి తిప్పావో, సైడ్ తారుమారే.

వైవాలో తర్వాతి ప్రశ్న దాదాపు ఇదే: ఆసిఫికేషన్ (ఎముక గట్టిపడటం) నియమాన్ని తప్పే ఎముక ఏది? ఫిబులానే. సెకండరీ సెంటర్ (ఎముక కొసలో గట్టిపడటం మొదలయ్యే చోటు) ముందు పుట్టిన కొస ఆఖర్న అతుక్కోవాలి కదా, ఇక్కడ కింది కొసే ముందు పుట్టి, ముందే అతుక్కుంటుంది.

జవాబు 3
బ్లీచింగ్ వద్దే వద్దు. ఎముకని పట్టి ఉంచే కొలాజెన్‌ని తినేస్తుంది. పైపొర సుద్దలా రాలి, చూడాల్సిన గుర్తులే పోతాయి.

మాస్కు, గ్లవ్స్ వేసుకుని బయట పొడి బ్రష్‌తో దులుపు. సర్జికల్ స్పిరిట్ అద్దిన గుడ్డతో తుడిచి, నీడలో ఫ్యాన్ కింద రెండ్రోజులు ఆరబెట్టు. ఎండలో పెడితే పగుళ్లిస్తాయి. వార్నిష్ వేసిన సెట్టయితే ముందు ఓ మూల చుక్క వేసి చూడు, జిగటొస్తే స్పిరిట్ ఆపేసి పొడిగుడ్డతో సరిపెట్టు. మన సముద్రపు తేమకి ప్లాస్టిక్ కవర్లో కట్టేస్తే మళ్లీ పడుతుంది. గుడ్డసంచిలో వేసి, గోడకి దూరంగా వేలాడదియ్యి.