గ్రీన్ గోల్డ్ తొలి రోజుల్లో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

నమస్కారం అండీ. హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ యానిమేషన్ చరిత్ర రాస్తున్నాను. 2001లో రాజీవ్ చిలక మొదలుపెట్టారు, 2008లో పోగో టీవీ ఛానెల్‌లో వాళ్ల కార్టూన్ ఛోటా భీమ్ వచ్చింది, 2019లో మైటీ లిటిల్ భీమ్ నెట్‌ఫ్లిక్స్‌కి వెళ్లింది. ఇవి ఎక్కడైనా దొరుకుతాయి. నాకు కావాల్సింది భీమ్ రాకముందు ఆ ఏడేళ్ల సంగతి. అప్పట్లో మన దేశంలో చాలా స్టూడియోలు విదేశీ కంపెనీలు ఇచ్చిన పనే చేసేవి. అలాంటప్పుడు సొంత పాత్రని నమ్ముకోవడం మామూలు ధైర్యం కాదని నాకు గట్టిగా అనిపిస్తుంది.

అప్పుడు అక్కడ బొమ్మలు గీసినవాళ్లు, స్టోరీబోర్డు వేసినవాళ్లు ఉంటే చెప్పండి: ఒక ఎపిసోడ్‌కి ఎంతమంది కూర్చునేవారు? కాగితం మీద గీసేవారా, నేరుగా కంప్యూటర్‌లోనా? లడ్డూ తింటే భీమ్‌కి బలం రావాలన్న ఆలోచన ఎవరిది? (మా పాప చిన్నప్పుడు లడ్డూ పేరు చెబితేనే అన్నం తినేది.) పాత ఫొటో ఒక్కటి ఉన్నా పంపండి, చాలా సాయం చేసినవాళ్లవుతారు.