గుడ్డ కుక్కపిల్లకు మిఠాయి పేరు పెట్టాలనుకుంటున్నాము, సలహా ఇవ్వగలరు

ప్రశ్న: కొర్లగుంట, తిరుపతి

మా అమ్మాయికి ఈ నెలలో మూడేళ్లు నిండుతున్నాయి. వాళ్ల మేనమామ కానుకగా ఒక దూది కుక్కపిల్లను తెచ్చాడు. దాని ఒళ్లంతా లేత గోధుమ రంగు, చెవులు బెల్లపు రంగు, పొట్ట గుండ్రంగా ఉంటుంది. టామీ, బ్రూనో వంటి పేర్లు కాకుండా మనం తినే తీపి పదార్థాల్లోంచే ఒక ముద్దుపేరు ఎంచుకోవాలని ఇంట్లో అనుకున్నాము. నాకు వెంటనే తోచింది ‘లడ్డు’. అయితే తిరుపతిలో ఉంటూ, పిల్లలు నేల మీద ఈడ్చుకుంటూ తిరిగే బొమ్మకు ఆ పేరేమిటని మా అత్తగారు అభ్యంతరం చెప్పారు. నేను పట్టుబట్టవచ్చా? వేరే పేర్లు సూచిస్తే, అవి ఎందుకు నప్పుతాయో కూడా చెప్పండి.

జవాబు: సన్నిధి వీధి, తిరుపతి

మీ అత్తగారి మాటే సబబుగా ఉంది. ఇతర ఊళ్లలో లడ్డు అంటే బూందీని పాకంలో కలిపి చుట్టిన ఉండ మాత్రమే కావచ్చు గాని, మన ఊళ్లో ముందుగా మనసులో మెదిలేది కొండ మీద పోటులో, అంటే ఆలయ వంటశాలలో, తయారయ్యే, 2009లో భౌగోళిక గుర్తింపు కూడా పొందిన శ్రీవారి ప్రసాదమే. దాని పొడి కింద రాలితే ఏరి కళ్లకద్దుకునే ఇంట్లో ‘లడ్డును తన్నకు’, ‘లడ్డు మంచం కింద పడింది’ అనే మాటలు రోజూ వినిపిస్తే పెద్దవాళ్లకు మనసు చివుక్కుమంటుంది. మీరు చెప్పిన రంగుకూ, పొట్టకూ ‘సున్నుండ’ చక్కగా సరిపోతుంది. వేయించిన మినప్పప్పు పిండిలో బెల్లం, నెయ్యి కలిపి చుట్టిన ఉండ అచ్చంగా ఆ రంగులోనే ఉంటుంది.

జవాబు: పలమనేరు

కన్నకొడుకునే లడ్డూ అని ముద్దుగా పిలుచుకునే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. స్వామికి దానివల్ల కోపం వస్తుందని నేను అనుకోను. అయినా బొమ్మ పేరు కోసం అత్తగారితో వాదన అనవసరం. నా అభ్యంతరం సున్నుండ మీద. పిలవవలసినది మూడేళ్ల పాప కదా! ప, బ, మ వంటి అక్షరాలు పిల్లలకు తొందరగా పలుకుతాయి. ర, ళ వంటివి ఆలస్యంగా వస్తాయి. అందువల్ల మన వైపు వాళ్లకు ఎంత ఇష్టమైనవైనా ఓళిగ, అత్తిరసం వంటి పేర్లు ఇక్కడ పనికిరావు. ‘బూంది’ బాగుంటుంది. అంతకన్నా బాగుండేది ‘కోవా’. పాలు చక్కెరతో కలిసి బాగా మరిగి దగ్గరపడినప్పుడు వచ్చే లేత గోధుమ రంగు మీ బొమ్మకు సరిగ్గా కుదురుతుంది. పైగా పాడికి పేరున్న ప్రాంతం వాళ్లం, ఆ పేరు మనకు పరాయిది కాదు.

జవాబు: చిత్తూరు

పొట్ట గుండ్రంగా ఉందన్నారు కనుక ‘బూరె’ను కూడా పరిశీలించండి. ర పలకకపోతే పాప ‘బూలె’ అంటుంది, అది ఇంకా ముద్దుగా ఉంటుంది. పేరు ఏదైనా రెండక్షరాలకు మించనివ్వకండి; మెడపట్టీ మీద దారంతో కుట్టుకోవచ్చు, ఉతికినా పోదు. రేపు నారింజ రంగు పిల్లి బొమ్మ ఏదైనా వస్తే, దానికి ‘జాంగ్రీ’ని అట్టిపెట్టుకోండి.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ ధన్యవాదాలు. సున్నుండ పాపకు నోరు తిరగలేదు. బూరె అనగానే, వరలక్ష్మీ వ్రతానికి అమ్మవారికి నివేదించేది అదే కదా అని మా అత్తగారు మళ్లీ అడ్డుపడ్డారు. ఆ లెక్కన నైవేద్యానికి పనికిరాని తీపి ఈ ఇంట్లో ఒక్కటీ మిగలదని మా మామగారు నవ్వారు. కోవా మాత్రం మేము అంగడిలో కొని తినేదే కనుక ఆమె ఒప్పుకున్నారు. మెడపట్టీ మీద ఆ రెండక్షరాలు తానే కుడతానని ఎర్ర దారం కూడా తెప్పించుకున్నారు.