ఐవీ బ్యాగుల్లో మందు కలిపే పని రోబోకి వదిలేయొచ్చా?

తెల్లకోటు: మా ఫార్మసీలో కీమో బ్యాగుల కోసం రోబో తీసుకోవాలని పైవాళ్లు అనుకుంటున్నారు. వయల్ (చిన్న మందు సీసా) నుంచి సిరంజిలోకి మందు లాగడం, బ్యాగ్ పోర్టులో, అంటే మందు ఎక్కించే గొట్టంలో, గుచ్చి ఎక్కించడం, లేబుల్ అంటించడం, అన్నీ మూసిన ఛాంబర్‌లో అదే చేస్తుందట. వాడినవాళ్లు చెప్పండి, నమ్మొచ్చా?

కిరణ్మయి: కళ్లు మూసుకుని తీసుకోండి. చేత్తో కలిపే చోట చెకింగ్ ఎలా జరుగుతుందో అందరికీ తెలిసిందే. మందు బ్యాగులోకి వెళ్లిపోయాక, ఖాళీ సిరంజిని ఎక్కించినంత గీత దాకా వెనక్కి లాగి పక్కన పెడతాం, ఫార్మసిస్ట్ దాన్ని చూసి సంతకం పెడతాడు. లోపలికి నిజంగా ఎంత వెళ్లిందో, ఏం వెళ్లిందో ఆ సిరంజి చెప్తుందా? 2006లో క్లీవ్‌లాండ్‌లో రెండేళ్ల పాప కీమో బ్యాగ్‌ని 0.9% సెలైన్‌కి బదులు 23.4% ఉప్పునీటితో తయారు చేశారు, పాప చనిపోయింది. రోబో అయితే ప్రతి వయల్ బార్‌కోడ్ చదువుతుంది, ఎక్కించడానికి ముందూ తర్వాతా బరువు తూస్తుంది, తేడా వస్తే ఆ బ్యాగ్‌ని బయటికే పంపదు.

లామినార్: బరువు సంగతి సరే, ముందు బ్యాగ్‌ని పట్టుకోనివ్వండి. సిరంజి, వయల్ గట్టివి కాబట్టి మెషిన్‌కి ఇబ్బంది లేదు. బ్యాగ్ మెత్తగా వేలాడుతుంది, పోర్టు కొంచెం పక్కకి తిరిగినా సూది గొట్టం గోడకి గుచ్చుకుంటుంది. పోర్టు పొడవు, ఆకారం కంపెనీకో రకం. మాకు సరఫరా మారి వేరే కంపెనీ బ్యాగులు వచ్చిన రోజు రోబో ఒక్కటి కూడా తీసుకోలేదు, సెట్టింగ్ మార్చడానికి మనిషి వచ్చేదాకా అన్నీ హుడ్ (శుభ్రమైన గాలి వీచే క్యాబినెట్) కింద చేత్తోనే కలిపాం. ఇదేదో ఎప్పుడో ఒకసారి జరిగేది అనుకోకండి. 2017లో మరియా తుఫాను ప్యూర్టోరికోని దెబ్బతీసినప్పుడు చిన్న సెలైన్ బ్యాగులకి కటకట వచ్చింది, 2024లో హెలీన్ తుఫానుకి నార్త్ కరోలినాలో ఐవీ బ్యాగులు చేసే బాక్స్‌టర్ ఫ్యాక్టరీ ఆగిపోయింది. అలాంటప్పుడు దొరికిన బ్యాగే కొంటారు, రోబోకి నచ్చిన బ్యాగ్ కాదు.

సెలైన్‌బాబు: బ్యాగులో ఓవర్‌ఫిల్ ఉంటుంది కదా, 100 మి.లీ. అని రాసినా లోపల ఎక్కువే ఉంటుంది. మరి బరువు లెక్క ఎలా సరిపోతుంది?

కిరణ్మయి: తూచేది ముందుకీ తర్వాతకీ ఉన్న తేడా. ఓవర్‌ఫిల్ ఎంతున్నా ఎక్కించిన మందు లెక్క మారదు.

లామినార్: మందు లెక్క మారదు, గాఢత మారుతుంది. పైగా ఒకే బరువుండే ద్రవాలు సవాలక్ష ఉన్నాయి, లోపల ఉన్నది ఏ మందో త్రాసుకి తెలియదు.

కిరణ్మయి: అందుకే బార్‌కోడ్ అన్నాను, పైన చదవండి. గాఢత మారే సమస్య చేత్తో కలిపినా ఉండేదే, దాన్ని రోబో నెత్తిన రుద్దడం దేనికి?

హెపా: 2012లో అమెరికాలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ల వల్ల ఫంగల్ మెనింజైటిస్ వచ్చి 60 మందికి పైగా పోయారు. అవి తయారు చేసిన చోట కొలత తప్పలేదు, మందు కలిపే క్లీన్‌రూమ్ పరిశుభ్రత తప్పింది. ఛాంబర్ తుడిచేది మళ్లీ మనుషులే.

లామినార్: అదే నేనూ అంటున్నది. అందుకే ముందు గ్రిప్పర్, అదే బ్యాగ్‌ని పట్టుకునే రోబో చెయ్యి, సంగతి తేల్చండి.

కిరణ్మయి: హెపా గారు చెప్పింది అది కాదు! రెండు రోజులుగా గ్రిప్పర్, గ్రిప్పర్ అని ఒకటే పాట. మీకు బ్యాగ్ జారిపోతుందని బెంగ, నాకు నా ఒళ్లు గురించి బెంగ. కడుపుతో ఉన్నప్పుడు కూడా నాతో సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందు కలిపించారు, "గ్లోవ్స్ రెండు జతలు వేసుకో, ఏం కాదు" అన్నారు. వయల్‌లో ప్రెషర్ పెరిగి సూది దగ్గర ఒక్క చుక్క చిమ్మితే ఏమవుతుందో మీకు తెలియదా? ఏళ్ల తరబడి పిస్టన్ నొక్కీ నొక్కీ మణికట్టు పోయింది. మెషిన్ నెమ్మదిగా చేయనీ, రోజుకి నాలుగుసార్లు ఆగిపోనీ, నా చేతుల బదులు దాని చేతులు ఆ మందు ముట్టుకుంటే నాకంతే చాలు.

నైట్‌డ్యూటీ: ఇద్దరూ కాస్త నెమ్మదించండి.

లామినార్: కిరణ్మయి గారూ, మీకు జరిగింది అన్యాయమే, కాదనను. కానీ నాదీ వినండి. మా దగ్గర రోబో వచ్చిన ఏడాదిలోనే టెక్నీషియన్లని సగానికి తగ్గించారు. అది ఆగిన ప్రతిసారీ మిగిలినవాళ్లమే సైక్లోఫాస్ఫమైడ్‌తో సహా మొత్తం లిస్టు చేత్తో కలపాలి. రోజూ చేయని పని కాబట్టి చెయ్యి తిరగదు, వార్డు నుంచి ఫోన్ల మీద ఫోన్లు, ఒకటే టెన్షన్. ఆరు నెలలకోసారి మీడియా ఫిల్ టెస్ట్ (మందు బదులు క్రిములు పెరిగే ద్రవం కలిపించి, చేతి శుభ్రత చూసే పరీక్ష) పాసైనంత మాత్రాన రోజూ చేసేవాడి చెయ్యి వస్తుందా? మీరు తప్పించుకోవాలనుకుంటున్న చుక్క నా మీద పడుతోంది, తక్కువమంది మధ్య, ఎక్కువ తొందరలో.

కిరణ్మయి: అయితే అది మీ యాజమాన్యంతో గొడవ, రోబోతో కాదు. మొదటి రోజే ఆ మాట చెప్పొచ్చుగా, పోర్టు పొడవు గురించి ఇంత సాగదీయకుండా.

లామినార్: రెండూ ఒకటే. బ్యాగ్ జారితేనే కదా మెషిన్ ఆగేది, ఆగితేనే కదా మనిషి కావాల్సింది.

సెలైన్‌బాబు: ఇంతకీ రోబో చేసిన బ్యాగ్ మీద సంతకం ఎవరిది?

నైట్‌డ్యూటీ: ఫార్మసిస్ట్‌దే. కెమెరా ఫొటోలు, బరువు రిపోర్టు చూసి విడుదల చేస్తారు. తప్పు జరిగితే రోబోని ఎవరూ విచారణకి పిలవరు.

తెల్లకోటు: మాకిచ్చిన ప్రపోజల్ తీసి మళ్లీ చూశాను. ఆదా లెక్కలో "తగ్గించగల సిబ్బంది" అని ఒక వరుస ఉంది. రోబో ఆగితే కీమో ఎవరు కలపాలో మాత్రం ఎక్కడా రాయలేదు. రేపటి మీటింగ్‌లో అడుగుతాను.

కిరణ్మయి: అడగండి. ఆ వరుస కొట్టేయించి రోబో తెప్పించుకోండి, వద్దని మాత్రం అనకండి.

లామినార్: ఏయే కంపెనీల బ్యాగులకి సెట్టింగ్ ఉందో కూడా రాతపూర్వకంగా తీసుకోండి.