డెంగ్ లీజున్ పాటలో ఆఖరి పాదం: "చియెన్ లీ గోంగ్ ఛాన్ జువాన్"

డెంగ్ లీజున్, అదే మనలో చాలామందికి తెలిసిన పాప్ గాయని టెరెసా టెంగ్, పాడిన ఈ చైనీస్ పాటని ప్రేయసి కోసం రాసిన విరహగీతం అని ఇద్దరు ముగ్గురు తేల్చేశారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. ఇది ప్రేయసి కోసం రాసింది కాదండీ, తమ్ముడి కోసం రాసింది. సు షి అనే కవి, చైనాని సోంగ్ వంశం ఏలిన కాలంవాడు, 1076లో, శరత్కాలపు పున్నమి పండగ రాత్రి రాశాడు. పద్యం పైన ఆయనే చిన్న ముందుమాట పెట్టుకున్నాడు: పండగ రాత్రి తెల్లవారేదాకా సంబరంగా తాగాను, బాగా మత్తెక్కింది, ఇది రాశాను, జీయూ కూడా గుర్తొచ్చాడు, అని. జీయూ అంటే తమ్ముడు సు జ. అతనికి దగ్గరగా ఉండొచ్చని తూర్పు చైనాలోని షాన్‌డాంగ్ వైపు ఉద్యోగం అడిగి మరీ వేయించుకున్నాడు, అయినా ఏళ్ళ తరబడి ఒకరినొకరు చూసుకోలేదు.

ఇప్పుడు ఆఖరి పాదం. "దాన్ యువాన్ రెన్ ఛాంగ్ జియూ", మనుషులు చిరకాలం బతికుంటే చాలు. "చియెన్ లీ గోంగ్ ఛాన్ జువాన్", వెయ్యి లీల దూరాన ఉన్నా (ఒక లీ అంటే సుమారు అర కిలోమీటరు) ఆ అందాన్ని ఇద్దరం పంచుకుంటాం. ఛాన్ జువాన్ అంటే సొగసు, సొగసైన స్త్రీకీ వాడతారు, అందుకే ప్రియురాలు అనిపించి ఉంటుంది. ఇక్కడ మాత్రం చంద్రుడే, కానీ చంద్రుడు అన్న మాట ఆ పాదంలో లేదు. తెలుగులో నేనైతే "ఒకే వెన్నెల" అంటాను. చందమామ అనగానే మనకి మేనమామ వచ్చి కూర్చుంటాడు, అది ఈ పద్యానికి నప్పదు.

నాకు అంతకంటే ముఖ్యం అనిపించేది బాణీ సంగతి. ఇది "త్స" అనే పద్యరూపం. అప్పటికే అందరికీ తెలిసిన బాణీ ఒకటి తీసుకుని అందులో మాటలు నింపేవాళ్ళు, మన సినిమా కవులు ట్యూనుకి పాట రాసినట్టే. పద్యం పైన పేరు ఉండదు, బాణీ పేరే ఉంటుంది, దీనికి "షుయ్ దియావ్ గ తోవ్". తర్వాత ఆ బాణీలు పోయాయి, పేర్లు మిగిలాయి. అన్నమయ్య రాగిరేకులు గుర్తు చేసుకోండి: కీర్తన పైన రాగం పేరు ఉంది, ఆయన ఎలా పాడారో లేదు, రాళ్ళపల్లి, నేదునూరి లాంటి వాళ్ళు మళ్ళీ స్వరపరిస్తే మనం వింటున్నాం. సు షి పద్యానికి ఆ పని తైవాన్‌లో లియాంగ్ హోంగ్‌జీ చేశాడు. బాణీకి రాసిన మాటలకి తొమ్మిది వందల ఏళ్ళ తర్వాత మళ్ళీ బాణీ కట్టాడన్నమాట! 1983లో డెంగ్ లీజున్ పాడింది. ఆ ఆల్బమ్‌లో పన్నెండు పాటలూ ఇలాంటి పాత పద్యాలే, రాజ్యం పోగొట్టుకున్న రాజు లీ యూ రాసినవి కూడా ఉన్నాయి. పాప్ గాయని అప్పట్లో అలాంటిది చేయడం మామూలు ధైర్యం కాదని నా అభిప్రాయం.

వినేటప్పుడు ఒకటి గమనించండి. "గాలి మీద ఎక్కి వెళ్ళిపోవాలని ఉంది" అనే చోట గొంతు పైకి లేస్తుంది. రెండో భాగంలో అదే వరుస మీద "మనుషులకి సుఖదుఃఖాలు, కలయికలు, ఎడబాట్లు" అని వస్తుంది. మొదటిసారి భూమిని వదిలిపోవాలన్న కోరిక, రెండోసారి ఇక్కడే ఉండక తప్పదన్న ఒప్పుకోలు, రెండూ ఒకే స్వరం మీద. ఆమె ఎక్కడా ఏడుపు గొంతు పెట్టదు, మాటలు ఒక్కొక్కటి విడిగా వినిపిస్తాయి.

ఇదే పాట ఫే వాంగ్ అనే చైనా పాప్ గాయని పాడింది కూడా బాగుంటుందని ఒకరు అన్నారు, నిజమే. అది 1995లో, డెంగ్ నలభై రెండేళ్ళకే థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో ఆస్తమాతో పోయిన ఏడాదే వచ్చింది, ఆల్బమ్ మొత్తం డెంగ్ పాటలే. చైనాలో ఒకప్పుడు డెంగ్ పాటల్ని "మీ మీ జ యిన్", అంటే మనుషుల్ని చెడగొట్టే సంగీతం అని తిట్టేవాళ్ళు. ఫే వాంగ్ ఆ తిట్టుకే ముందు తన పేరులోని "ఫే" తగిలించి ఆల్బమ్‌కి పేరుగా పెట్టుకుంది. గొంతులో గాలి ఎక్కువ కాబట్టి మాటలు కొంచెం కరిగిపోతాయి, అందుకని పద్యం నేర్చుకోవాలనుకునేవాళ్ళు ముందు డెంగ్‌ది వినండి.