మనుషులను తరలించే ముఠాలపై విచారణ హేగ్‌లో ఎందుకు జరగదు?

ప్రశ్న (న్యాయశాస్త్ర విద్యార్థిని)

అందరికీ నమస్కారం. ఉద్యోగం ఇప్పిస్తామని నమ్మించి యువకులను ఒక దేశం నుంచి మరో దేశం మీదుగా మూడో దేశానికి చేర్చి, పాస్‌పోర్టులు లాక్కుని, గదుల్లో బంధించి ఆన్‌లైన్ మోసాలు చేయించే ముఠాల గురించి చదువుతున్నాను. దోచిన డబ్బు నాలుగో దేశంలోని ఖాతాలకు చేరుతోంది. ఇన్ని దేశాలతో ముడిపడిన నేరాన్ని హేగ్‌లోని అంతర్జాతీయ నేర న్యాయస్థానం ఎందుకు చేపట్టదు? అక్కడికి దారి లేకపోతే ఇలాంటి కేసుల్లో న్యాయవాది చేయగలిగిన పని ఏమిటి?

జవాబు (అధ్యాపకుడు)

సరిహద్దు దాటిన నేరమల్లా అంతర్జాతీయ నేరం కాదమ్మా. 1998లో ఆమోదం పొంది 2002 జూలై 1న అమల్లోకి వచ్చిన రోమ్ శాసనం అనే అంతర్జాతీయ ఒప్పందం ఆ న్యాయస్థానానికి జాతి విధ్వంసం, మానవాళిపై నేరాలు, యుద్ధ నేరాలు, దురాక్రమణ అనే నాలుగింటిని మాత్రమే అప్పగించింది. వాటిలో మొదటి మూడూ ఒకే దేశం లోపల జరిగినా అంతర్జాతీయ నేరాలే. మీరు చెప్పిన ముఠా నాలుగు దేశాలు తిరిగినా దాని నేరం ఆ జాబితాలోకి దానంతటదే రాదు.

ఇక్కడ ఒక విషయం నన్ను ఎప్పుడూ ఆలోచింపజేస్తుంది. అంతర్జాతీయ నేర న్యాయస్థానం కావాలన్న ఆలోచనను 1989లో ఐక్యరాజ్యసమితి ముందు మళ్లీ కదిలించినవారు ట్రినిడాడ్ అండ్ టొబాగో ప్రధాని ఎ.ఎన్.ఆర్. రాబిన్సన్. చిన్న దేశాల శక్తికి మించిపోయిన మాదకద్రవ్యాల అక్రమ రవాణాయే అందుకు కారణం. తీరా శాసనం సిద్ధమయ్యేసరికి ఆ నేరానికే అందులో చోటు దక్కలేదు. 2025 మార్చిలో ఫిలిప్పీన్స్ మాజీ అధ్యక్షుడు రొడ్రిగో డుటెర్టేను హేగ్‌కు తరలించినప్పుడు ఆయనపై ఉన్న ఆరోపణ కూడా మాదకద్రవ్యాల వ్యాపారం కాదు, దాన్ని అణచే పేరుతో జరిగిన హత్యలు.

మీ ముఠాకు వర్తించేది ఐరాస సర్వసభ్య సభ 2000లో ఆమోదించిన, దేశాల సరిహద్దులు దాటే వ్యవస్థీకృత నేరాలపై పాలెర్మో ఒప్పందమూ, దానికి అనుబంధంగా వచ్చిన మానవ అక్రమ రవాణా ప్రోటోకాలూ. అవి కొత్త న్యాయస్థానాన్ని పెట్టలేదు. ప్రతి సభ్య దేశమూ ఈ పనులను తన చట్టంలో నేరాలుగా చేర్చి, తన కోర్టుల్లోనే విచారించి, ఇతర దేశాలకు సహకరించాలని మాత్రం కట్టడి చేశాయి.

జవాబు (పరిశోధకురాలు)

అధ్యాపకుల వారి మాటకు చిన్న చేర్పు. రోమ్ శాసనం 7వ అధికరణం మానవాళిపై నేరాల్లో బానిసత్వాన్ని చేర్చి, మనుషుల అక్రమ రవాణా క్రమంలో వారిపై యాజమాన్య హక్కు చలాయించడం కూడా దాని కిందికే వస్తుందని స్పష్టంగా చెప్పింది. అయితే అది ఒక రాజ్యం లేదా ఒక సంస్థ విధానం మేరకు పౌర జనాభాపై విస్తృతంగానో, క్రమబద్ధంగానో సాగిన దాడిలో భాగమై ఉండాలి. లాభం కోసమే పనిచేసే ముఠా విషయంలో దీన్ని రుజువు చేయడం చాలా కష్టం, కానీ తలుపు పూర్తిగా మూసి లేదు.

జవాబు (న్యాయవాది)

ఇలాంటి కేసులో మా సమయమంతా సాక్ష్యాల కోసం సాయం కోరుతూ విదేశానికి పంపే అభ్యర్థన లేఖకే పోతుంది. ఒక కేసులో మేము తయారుచేసిన లేఖ ఏడు నెలలకు తిరిగొచ్చింది. అందులో మేము సెక్షన్ల నంబర్లు వరుసగా పేర్చాం. అవతలి అధికారికి వాటితో పని లేదు. లేఖలో చెప్పిన పని తన దేశంలోనూ నేరమేనా అని ఆయన చూసుకోవాలి. అందుకని రెండోసారి ఎవరు, ఏ రోజున, ఎవరి పాస్‌పోర్టు తీసుకున్నారో, గది తాళం ఎవరి దగ్గర ఉందో, పని చేయనంటే ఏం చేశారో విడమరిచి రాశాం. లేఖ అంగీకరించారు గానీ, అప్పటికే సర్వర్‌లోని లాగ్‌లు (ఎవరు ఎప్పుడు ఏం చేశారో చెప్పే నమోదులు) చెరిగిపోయాయి. ఆ నష్టం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. అందుకే ఇప్పుడు ముందుగా డేటాను భద్రపరచమని విడిగా కోరుతున్నాం. సైబర్ నేరాలపై 2001 నాటి బుడాపెస్ట్ ఒప్పందంలోని దేశాలైతే అలా కోరిన డేటాను కనీసం 60 రోజులు నిలిపి ఉంచాలి.

విద్యార్థిని

ధన్యవాదాలండీ. బాధితుడు తన ఇష్టంతోనే టికెట్ కొనుక్కుని వెళ్లాడని ముద్దాయి తరఫువారు వాదిస్తే ఏం చెప్పాలి?

న్యాయవాది

ఆ వాదన దాదాపు ప్రతి కేసులోనూ వస్తుంది. మోసం, బలవంతం, నిస్సహాయతను వాడుకోవడం వంటి మార్గాలు రుజువైతే బాధితుడి సమ్మతికి విలువ లేదని ప్రోటోకాల్ 3వ అధికరణం చెబుతోంది. 18 ఏళ్ల లోపు వారి విషయంలో ఆ మార్గాలను కూడా రుజువు చేయనక్కర్లేదు. అయితే ఆ యువకుడితో మోసపు సందేశాలు పంపించారు కాబట్టి పోలీసులు మొదట అతన్నే నిందితుడిగా చూసే ప్రమాదం ఉంది. కాబట్టి వాంగ్మూలంలో అతను పంపిన సందేశాలతో మొదలుపెట్టనివ్వకండి. పాస్‌పోర్టు చేజారిన రోజుతో మొదలుపెట్టించండి.